మూడు తోకల ళ

సున్నాకి ఆ పేరు పెట్టింది వాళ్ళ మేనమామ. నడక వచ్చిన కొత్తలో ఏ గోడ దొరికితే ఆ గోడ మీద బొగ్గుముక్కతో సున్నాలు చుట్టేదట, ఒక్కటీ వంకరపోయేది కాదట. "దీని బతుకంతా సున్నాలే" అని ఆయన వేళాకోళానికి అన్నాడు. ఆ మాట నిలబెట్టడానికి బళ్ళో లెక్కల మాస్టారు కూడా తన వంతు సాయం చేశాడు. పెద్దయ్యాక ఆమె అక్షరాల పనిలో పడింది. ఒక్కొక్క అక్షరాన్నీ, దాని గుణింతాలనీ, వత్తులనీ విడివిడిగా గీసి, కంప్యూటర్లో ఎవరేం టైపు చేసినా అదే రూపంలో వచ్చేలా తయారుచేసే పని. జనం దాన్ని ఫాంటు అంటారు.

భర్తది కళ్ళజోళ్ళ కొట్టు. అది కింద, ఆమె పనిగది పైన. మధ్యలో ఒక మనిషి ఎక్కుతుంటే ఇంకో మనిషి దిగలేనంత ఇరుకు మెట్లు. గదిలో రెండు బల్లలు. కిటికీ పక్కది సున్నాది, గోడవైపుది వదినది. అన్నయ్య రైల్లో గార్డు కాబట్టి వారంలో సగం రోజులు ఇంటి పట్టున ఉండడు. గోడల్ని చూస్తూ కూర్చోలేక వదిన ఈ పనిలోకి వచ్చి, వచ్చాక ఇక వదల్లేదు. సున్నా అక్షరం గీస్తుంది. ఏ అక్షరం పక్కన ఏది ఎంత ఎడంగా నిలబడాలో, ఏ వత్తు ఎంత కిందికి దిగాలో వదిన సర్దుతుంది. పని ఇచ్చేవాళ్ళతో మాట్లాడేదీ వదినే. సున్నా ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు లైను తెగిపోయిందనుకుంటారు.

సున్నా చేసినవాటన్నిటిలోకీ ఎక్కువ ప్రాణం పెట్టింది వయ్యారం అనే ఫాంటు మీద. వెడల్పు మొన ఉన్న కలాన్ని ఏటవాలుగా పట్టి రాస్తే గీత ఒకచోట వెంట్రుకలా సన్నబడుతుంది, ఇంకోచోట ఆకులా విప్పారుతుంది. ఆ పోకడంతా అందులో ఉంది. తలకట్టు రెక్క విదిల్చినట్టు లేస్తుంది. ర అక్షరం పక్కదాని భుజం మీద చెయ్యి వేసినట్టు ఒరుగుతుంది. దాన్ని ఒక సెంటు కంపెనీ కోసం చేస్తోంది. వాళ్ళ కొత్త సీసాల మీద, అట్టపెట్టెల మీద, కొట్ల బోర్డుల మీద అవే అక్షరాలు ఉండాలి. ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. సీసాలు బజారులోకి వచ్చేదాకా బయటి కన్ను పడకూడదు. అదీ ఒప్పందం.

కాబట్టి ఆ ఫైలు సున్నా దగ్గర కాక ముగ్గురి దగ్గరే ఉంది. ఒకరు వదిన. రెండు, భర్త. పైన కంప్యూటరు పాడైతే పనికొస్తుందని కొట్టులోని కంప్యూటర్లో ఒక కాపీ ఉంచేవాడు. మూడు, ప్రెస్సు బాబాయి. ఆయన సున్నా వాళ్ళ నాన్నకి స్నేహితుడు. ఏ అక్షరమైనా కాగితం మీద అచ్చయితే గానీ దాని మంచీ చెడూ తెలియదు కాబట్టి ఎప్పటికప్పుడు ఆయన దగ్గరే అచ్చు తీయించి చూసుకునేది.

ఒక ఉదయం పాలకోసం వీధి చివరిదాకా వెళ్ళింది. మందుల షాపు ముందు తెల్ల వ్యాను ఒకటి ఆగి ఉంది. దాని పక్క భాగమంతా పెద్ద పెద్ద అక్షరాలు. 'ఎలుకలు, బొద్దింకలు, నల్లులు. ఒక్క పూటలో మాయం.'

అంతా వయ్యారంలో ఉంది.

సున్నా కాసేపు అది తన కంటి జబ్బేమో అనుకుంది. దగ్గరికెళ్ళి బొద్దింక కింద ఉన్న ద వత్తుని చూసింది. ఆ ఒక్క వత్తు వంపు కుదరక ఎన్ని కాగితాలు ఉండచుట్టి పారేసిందో ఆమెకే తెలుసు. అదే వంపు. అక్షరాలు కాస్త వదులు వదులుగా, పళ్ళూడిన నోరులా ఉన్నాయి గానీ, వేసినవాడి చేతకానితనం అనుకుంది.

వ్యాను డ్రైవరు టీ తాగుతూ ఆమెని గమనించాడు.

"ఈ అక్షరాలు ఎవరు వేశారండీ?" అంది సున్నా.

"బాగున్నాయి కదమ్మా. చదవడానికి కాస్త తంటా గానీ, చూడ్డానికి శుభలేఖలా ఉంటుంది. నిన్న ఒకాయన బండి ఆపి, పెళ్ళెక్కడ అని అడిగాడు."

"ఎవరు వేశారు?"

"వంతెన కింద స్టిక్కర్ల కొట్టు. అక్కడే."

పాల సంగతి మర్చిపోయి అటే వెళ్ళింది. స్టిక్కర్ల కొట్టు యజమాని నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒక ఎర్రటి స్టిక్కరు షీటు మీంచి చాకుతో అక్షరాల చుట్టూ ఉన్న చెత్త ఊడదీస్తున్నాడు. తలెత్తలేదు.

"ఎక్కడెక్కడివో వస్తుంటాయమ్మా. ఎవరో ఇచ్చుంటారు."

"ఎవరు?"

"వచ్చేపోయేవాళ్ళు ఎంతమంది, ఎవరని చెప్పను? అయినా అక్షరాలకి కూడా సొంతదారులుంటారా? అయితే అ ఆ ఇ ఈ ఎవరి పేరున ఉన్నాయో కాస్త చెప్పండి, రోజూ వాడుకుంటున్నాను, వెళ్ళి దండం పెట్టుకుంటాను."

అతను నవ్వుతుంటే సున్నా వెనుదిరిగింది. ఇంటికొచ్చి మెట్లెక్కుతూ ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. చెబితే చేసినవాళ్ళు జాగ్రత్తపడతారు. ఫైలు ఉన్నది ముగ్గురి దగ్గర. ముగ్గురూ తనవాళ్ళే.

"పాలేవి?" అన్నాడు భర్త.

"దొరకలేదు."

ఆ రోజు నుంచీ ఆమెకి ఇల్లు ఇల్లులా లేదు. అంతకుముందు గాలికి పోయిన మాటలన్నీ ఇప్పుడు చెవిలో గుచ్చుకోవడం మొదలుపెట్టాయి. భర్త అన్నం తింటూ, "కొట్టు బోర్డు పాతబడింది, మార్పించాలి" అన్నాడు. ఇంతకాలం లేని బోర్డు గోల ఇప్పుడెందుకు వచ్చింది? ఎవరితో మార్పిస్తాడు? స్టిక్కర్ల కొట్టువాడితోనా? "ఎవరికిస్తున్నారు పని?" అని అడిగింది, కూర వడ్డిస్తూ, ఏమీ ఎరగనట్టు. "ఇంకా అనుకోలేదు, నువ్వే గీసిపెట్టొచ్చుగా" అన్నాడు. మాట తియ్యగానే ఉంది. తియ్యగా ఉండటమే ఆమెకి నచ్చలేదు.

ప్రెస్సుకి వెళ్తే అక్కడ మూలన కొత్త యంత్రం ఒకటి గుడ్డ కప్పుకుని కూర్చుంది. "ఏంటి బాబాయ్ ఇది?" అంటే, "స్టిక్కర్లు కోసేదమ్మా. అందరూ అదే అడుగుతున్నారు. శుభలేఖలు కూడా ఫోన్లలోనే పంపుకుంటుంటే నేనేం తిని బతకను?" అన్నాడు. చిన్నప్పుడు ఈయన ఒళ్ళో కూర్చుని సీసపు అక్షరాలు పేర్చింది. తను గీసిన మొదటి అక్షరాల్ని అచ్చువేసి, నలుగురికీ చూపించింది ఈయనే. ఆ యంత్రం మీది గుడ్డని చూస్తూ ఆయన్ని అనుమానించడం తప్పని ఆమెకి తెలుసు. అయినా అనుమానం పోలేదు.

ఇక వదిన. వదిన ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడటం కొత్తేమీ కాదు. పనిగదిలో సిగ్నలు అందదు. సున్నాకి అదీ తెలుసు. కానీ తెలిసిన సంగతి కూడా తెలియనట్టే తోచే రోజులవి. తలుపు సందులోంచి వదిన వీపు, చేతులు తిప్పుతూ మాట్లాడటం కనిపించేవి. మాటలు వినిపించేవి కావు.

చివరికి ఆమెకి ఒక ఉపాయం తోచింది. వయ్యారం కొత్త కూర్పు అప్పుడే పూర్తయింది. కొన్ని అక్షరాలు మార్చింది, మొదట లేనివి కొన్ని చేర్చింది. ముగ్గురికీ కొత్త ఫైలు ఎలాగూ ఇవ్వాలి. ముగ్గురికీ ఇచ్చే ఫైళ్ళలో ఒక్క అక్షరం వేరువేరుగా ఉంటే? ఆ అక్షరం ఎక్కడ కనిపించినా అది ఎవరి చేతిలోంచి జారిందో తెలిసిపోతుంది.

ఏ అక్షరమా అని ఆలోచించి ళ దగ్గర ఆగింది. ఏ కొట్టు తలుపు మీదైనా 'పనివేళలు' అని రాస్తారు. పెళ్ళి కార్డు సరేసరి. ళ తప్పించుకుని ఎవరూ ఎక్కువ రోజులు వ్యాపారం చేయలేరు. దాని చివరి గీత తోకలా సాగుతుంది. భర్తకిచ్చే ఫైల్లో ఆ తోక కొస పైకి లేచేలా గీసింది. బాబాయికిచ్చేదాంట్లో నిటారుగా కిందికి దింపింది. వదినదాంట్లో లోపలికి చుట్టుకునేలా చేసింది. ముక్కు ఆనించి చూస్తే తప్ప తెలియనంత తేడా.

గీస్తున్నంతసేపూ ఆమె చెయ్యి వణకలేదు. మూడు తోకలూ ముచ్చటగా వచ్చాయి. అది తలుచుకుంటేనే తర్వాత రోజుల్లో ఆమెకి ఎక్కువ సిగ్గేసేది.

ఫైళ్ళిచ్చాక కాపలా మొదలైంది. ఏ పనీ లేకపోయినా వీధుల్లోకి వెళ్ళేది. మంగలిషాపు అద్దాలు, బేకరీ బోర్డులు, ఆటోల వెనక రాతలు, స్తంభాలకి అంటించిన ట్యూషన్ల కాగితాలు, అన్నీ చదివేది. "వాకింగ్ మంచిదే గానీ తల పైకెత్తి నడుస్తావేం, ఎక్కడైనా పడతావు" అన్నాడు భర్త. ఈయన నన్ను గమనిస్తున్నాడు అనుకుంది.

ఇంతలో వదిన తీరు నిజంగానే మారింది. అది సున్నా ఊహించుకున్నది కాదు. తను గదిలోకి రాగానే తెర మీది బొమ్మ చటుక్కున మార్చేది. ఎప్పుడూ ఏదో ఒక వెక్కిరింత విసిరే మనిషి, అవసరమైతే తప్ప మాట్లాడటం మానేసింది. ఒక మధ్యాహ్నం "బట్టలకొట్టుకి వెళ్ళొస్తా" అని వెళ్ళి, చేతిలో ఏ సంచీ లేకుండా తిరిగొచ్చింది. చీరకి, మోచెయ్యి దగ్గర, నల్ల సిరా అంటుకుని ఉంది. ప్రెస్సులో బల్ల అంచుకి ఆనుకుంటే అక్కడే అంటుకుంటుంది.

సున్నా బాల్కనీలోకి వెళ్ళి బాబాయికి ఫోను చేసింది.

"బాబాయ్, మా వదిన గానీ వచ్చిందా అటు?"

అవతల యంత్రం చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు కాసేపు. "లేదమ్మా. ఎవరూ రాలేదే" అన్నాడు.

ఆ మనిషికి అబద్ధం ఆడటం చేతకాదు. ఇద్దరూ కలిశారు అనుకుంది సున్నా.

తర్వాత పూల కొట్టు అద్దం మీద కనిపించింది. కొత్త కొట్టు, బకెట్లలో పూలు ఇంకా తడారలేదు. అద్దం మీద తెల్లటి అక్షరాలు. 'తెరిచి ఉండే వేళలు.' వయ్యారమే. పూల మీద ఆ అక్షరాలు ఎంత బాగున్నాయంటే ఆమె ఒక్క క్షణం కోపం మర్చిపోయి చూసింది. తర్వాత ళ తోక చూసింది.

లోపలికి చుట్టుకుని ఉంది.

దారంతా వదినని ఏమనాలో మాటలు కూర్చుకుంది. ఇన్నేళ్ళు ఒకే గదిలో, ఒకే కిటికీ గాలి పీల్చుకుంటూ. నా చెయ్యి పట్టేసినప్పుడు తైలం రాసింది ఈవిడే. తీరా మెట్లెక్కి గదిలోకి వచ్చేసరికి, కూర్చిన మాటల్లో ఒక్కటీ మిగల్లేదు.

"వదినా, పూల కొట్టు చూశావా?"

"చూశాను" అంది వదిన, తెర మీంచి తల తిప్పకుండా. "ళ తోక లోపలికి చుట్టుకుంది. అది నా ళ."

సున్నా నిలబడిపోయింది.

"కూర్చో. నిలబడితే పోట్లాటలా ఉంటుంది" అంది వదిన. ఆవిడ గొంతులో కోపం లేదు. చాలా రోజులుగా నిద్ర చాలని మనిషి గొంతులా ఉంది. "నువ్వు ఫైలిచ్చిన సాయంత్రమే తెలిసింది నాకు. రోజూ తలదువ్వే పిల్లకి పాపిడి మారితే తెలియదా? నువ్వే మార్చావేమో, చెప్పడం మర్చిపోయావేమో అనుకున్నాను. మర్చిపోవడం నీకు అలవాటేగా. ప్రెస్సుకెళ్ళి బాబాయి దగ్గరున్నది తెరిపించి చూశాను. అది నిటారుగా ఉంది. అప్పుడర్థమైంది. కిందికెళ్ళి మీ ఆయన్ని అడగబుద్ధి కాలేదు. ఆయనదేదో మూడో తోక అయ్యుంటుందని తెలిసిపోయింది."

"మరి తెలిసి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు నన్నెందుకు అడగలేదు?"

కింద కొట్టులో ఎవరో అద్దాలు పెట్టుకుని అక్షరాలు పైకి చదువుతున్నారు. ఆ చదువు మెట్ల మీంచి సన్నగా వినబడుతోంది.

వదిన తెర ఆమె వైపు తిప్పింది. వ్యాను ఫోటో, పూల కొట్టు ఫోటో పక్కపక్కన ఉన్నాయి. ఎప్పుడు తీసిందో, వ్యాను కూడా ఆవిడ కంటపడింది.

"బొద్దింకలు చూడు. బొ కీ ద్దిం కీ మధ్య ఏనుగు దూరొచ్చు. ఇక్కడ చూడు, వేళలు. ళ వచ్చి ల మీద పడిపోతోంది, బస్సులో నిద్రపోయేవాడిలా. మన ఫైలు ఉన్నవాడు టైపు చేస్తే ఇలా వస్తుందా? అక్షరాలు వాటంతటవే జరిగి సర్దుకోవూ? ఇంతకాలం నేనిక్కడ కూర్చుని చేసింది అదే కదా సున్నా. దేని పక్కన ఏదొస్తే ఎంత జరగాలో అదంతా ఫైల్లో ఉంటుంది. ఇది వేసినవాడి దగ్గర ఫైలు లేదు. బొమ్మలున్నాయి. ఒక్కో అక్షరం బొమ్మ కోసి పక్కపక్కన అంటించాడు. అంటే మన ముగ్గుర్లో ఎవరమూ కాదు. ఈ ముక్క నువ్వు అడిగుంటే మొదటి రోజే చెప్పేదాన్ని."

సున్నా ఆ ఫోటోలకి దగ్గరగా వంగింది. ఆ వదులు ఆమె కూడా చూసింది. చూసి, ఎవడి చేతకానితనమో అని వదిలేసింది. తను గీసిన గీతల్ని మాత్రమే తనదిగా చూసుకుంది. వాటి మధ్య ఖాళీని ఎప్పుడూ పనిగా లెక్కవేయలేదు.

"బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి?" అంది చివరికి.

"అక్షరాలన్నీ వరసగా పేర్చిన పట్టిక ఒకటి చేశాను కదా. సెంటు కంపెనీ మేనేజరు అడిగాడు, వాళ్ళ యజమానురాలికి చూపించాలని. పంపమంటావా అని నిన్నడిగాను, ఊఁ అన్నావు. అప్పుడు నువ్వు ఙ గీస్తున్నావు. ఆ అక్షరం ఎవడూ వాడడు, అయినా ఆ రోజు దాని మీద నీకున్న శ్రద్ధ మా మీద లేదు." వదిన మొదటిసారి కొంచెం నవ్వింది, అదీ ఒక పక్కే. "కొత్త కూర్పు వచ్చాక మళ్ళీ అడిగాడు. అప్పటికి నాకు నీ తోకల సంగతి తెలుసు. అయినా నా ఫైల్లోంచే తీసి పంపాను. నువ్వొక్కదానివే అనుమానపడాలా? నాకూ ఆ మేనేజరు మీద అనుమానమే. ఆ పట్టిక ఇంకెవరికీ వెళ్ళలేదు, బయట కనిపిస్తే ఆయన దగ్గర్నుంచే."

మర్నాడు ఇద్దరూ సెంటు కంపెనీకి వెళ్ళారు. కంపెనీ యజమానురాలు పెద్దావిడ, బల్ల మీద సన్నటి కాగితపు ముక్కలు పరుచుకుని ఒక్కోటీ వాసన చూస్తోంది. పక్కన మేనేజరు. ఆయన ఆవిడ అల్లుడు కూడా.

వదిన ఫోటోలు బల్ల మీద పెట్టి, పట్టిక పంపిన సంగతి చెప్పింది. అల్లుడు తడుముకోలేదు, బుకాయించలేదు కూడా. చాలా మామూలుగా ఒప్పుకున్నాడు.

"స్టిక్కర్ల కొట్టుకి నేనే ఇచ్చానండీ. మన డెలివరీ వ్యాన్ల మీద ఈ అక్షరాలు వేస్తే ఎంతవుతుందో చెప్పమని. అన్ని అక్షరాలూ లేవన్నాడు, కొత్తది వచ్చాక అదీ ఇచ్చాను. వాడు దాచుకుని అందరికీ వేస్తాడని నేనేమైనా కలగన్నానా?"

"ఎవరికీ చూపించొద్దని మీరే రాయించుకున్నారు కదండీ" అంది సున్నా. ఆమె నోట్లోంచి అంత పెద్ద వాక్యం అంత గట్టిగా రావడం చూసి వదిన కూడా ఆమె వైపు తిరిగింది.

"స్టిక్కర్లవాడు ఎవరో ఎలా అవుతాడండీ, మన పని చేసేవాడేగా" అన్నాడు అల్లుడు.

పెద్దావిడ వ్యాను ఫోటో దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "బొద్దింకలా?" అంది. మళ్ళీ చదువుకుంది. తర్వాత ఫోటోని ఒక వేలితో బల్ల అవతలికి జరిపింది. "మా సీసా చూడగానే మనిషికి బొద్దింక గుర్తుకొస్తే ఇక ఆ సెంటు ఎవరు రాసుకుంటారమ్మా? నాకీ అక్షరాలు వద్దు. తప్పు మావాడిదే, మీరు చేసినదానికి మా వైపు నుంచి రావలసినదేదో వస్తుంది. అక్షరాలు మీవి మీరే ఉంచుకోండి."

అల్లుణ్ణి ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. తలుపు దాటాక లోపల్నుంచి ఆవిడ గొంతు లేవడం వినిపించింది, కానీ ఆగి వినాలని ఇద్దరికీ అనిపించలేదు.

ఇంటికొచ్చాక సున్నా చేయాల్సినవి రెండు పనులు మిగిలాయి. మొదట కింద కొట్టుకి వెళ్ళింది. భర్త ఒక ముసలాయనకి ఫ్రేము బిగిస్తున్నాడు. ఆయన వెళ్ళిపోయేదాకా ఆగి, జరిగిందంతా చెప్పింది. భర్త స్క్రూడ్రైవరు కింద పెట్టి విన్నాడు.

"నాకిచ్చింది ఏ తోక?"

"పైకి లేచేది."

"నేనా ఫైలు ఒక్కసారి కూడా తెరవలేదు తెలుసా. నువ్విచ్చావు, కంప్యూటర్లో పడేశాను." ముందు నవ్వాడు. తర్వాత ఎందుకో నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అన్నం పెట్టేటప్పుడు కూడా అదే ఆలోచించేదానివా?" అని అడిగాడు.

"ఆ."

"ఊఁ" అని మళ్ళీ స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. కొన్నాళ్ళపాటు ఇంట్లో ఏదైనా కనిపించకపోతే, తాళమో గొడుగో, "నన్ను వెతికి చూడు" అనేవాడు. వేళాకోళంగానే అనేవాడు. సున్నా నవ్వలేకపోయేది. మెల్లగా అనడం మానేశాడు.

బాబాయి దగ్గర అంత సులువుగా తేలలేదు. ఆయనకి సంగతి ముందే తెలుసు. వదిన ఆ రోజు ళ చూపించమన్నప్పుడే గ్రహించాడు. "మీ ఇద్దరి మధ్యా పుల్ల పెట్టినట్టవుతుందని రాలేదన్నాను. నా జన్మలో నీతో ఆడిన అబద్ధం అదొక్కటేనమ్మా, అదీ నీకు దొరికిపోయింది" అన్నాడు. తర్వాత సొరుగులోంచి పెన్‌డ్రైవు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అచ్చు ఎప్పుడు కావాలన్నా వేస్తాను. ఫైలు మాత్రం నా దగ్గర ఉంచకు. పని అయ్యాక పట్టుకెళ్ళిపో."

"బాబాయ్, అలా కాదు."

"కోపం కాదమ్మా. ఉంటే నాకు నిద్ర పట్టదు."

అప్పటినుంచీ ఇప్పటిదాకా అదే పద్ధతి. ఆమె ఫైలు తీసుకెళ్తుంది, ఆయన అచ్చు తీస్తాడు, టీ ఇప్పిస్తాడు, పాత కబుర్లు చెబుతాడు, లేచేటప్పుడు పెన్‌డ్రైవు గుర్తుచేసి మరీ ఇస్తాడు. సున్నా ఎంత బతిమాలినా ఆ ఒక్క విషయంలో ఆయన మెత్తబడలేదు.

వదిన ఒక వారం పనికి రాలేదు. అన్నయ్య సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు కాబట్టి తనకీ సెలవు అంది. సున్నా ఒక్కతే కూర్చుని, తన చేత్తో కొత్త పదాలు సర్దుకోవాలని చూసింది. 'ఆహ్వానం' అని కొట్టి, హ్వా ని అటు జరిపి ఇటు జరిపి, సాయంత్రానికి మొదట ఉన్నచోటే పెట్టింది. మర్నాడు వదిన ఇంటికి వెళ్ళింది. అన్నయ్య తలుపు తీసి, "మీ ఇద్దరి గొడవా నాకు చెప్పకండి, రైలు గొడవలే నాకు చాలు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

"వయ్యారాన్ని మనమే బయటపెడదాం వదినా. ఎవరికి కావాలంటే వాళ్ళు కొనుక్కుంటారు" అంది సున్నా. "తయారుచేసింది అని నీ పేరూ నా పేరూ రెండూ వేద్దాం."

వదిన బట్టలు మడతపెడుతూ విన్నది. "నేను అలిగానని వేస్తున్నావా?"

"కాదు. నిన్నంతా హ్వా సర్దుతూనే ఉన్నాను. కుదిరి చావడం లేదు."

"హ్వా ని జరపకూడదు. పక్కనున్న దాన్ని జరపాలి" అంది వదిన. ఇంకో చీర మడతపెట్టింది. "అక్షర క్రమంలో వేస్తే నా పేరే ముందొస్తుంది. పరవాలేదా?"

"పరవాలేదు."

అలా వయ్యారం బయటికి వచ్చింది. శుభలేఖల వాళ్ళు ఎగబడి కొన్నారు. కేకుల కొట్లు, చీరల కొట్లు, పాటల కచేరీల కరపత్రాలు, ఒక స్కూలువాళ్ళ ప్రశంసాపత్రాలు, అన్నిటా అది కనిపించేది. ఒక హోటలువాడు పదార్థాల పట్టిక మొత్తం దాంతోనే అచ్చువేయిస్తే, వచ్చినవాళ్ళు చదవలేక పక్క బల్ల వాళ్ళు తింటున్నది చూపించి అదే తెమ్మనేవాళ్ళట. వదిన అతనికి ఫోను చేసి, పేర్లకి మాత్రం వయ్యారం వాడి మిగతాదానికి మామూలు అక్షరాలు పెట్టమని ఓపిగ్గా చెప్పింది. స్టిక్కర్ల కొట్టతను కూడా కొనుక్కున్నాడు. కొనుక్కుని, "ఇప్పుడు అక్షరాలు వాటంతటవే సర్దుకుంటున్నాయమ్మా" అని ఆశ్చర్యపోతూ ఫోను చేశాడు.

ఇద్దరూ మునుపటిలా ఉన్నారా అంటే, అలా లేరు. వదిన వెక్కిరింతలు తిరిగొచ్చాయి గానీ కాస్త ఆలోచించి వేస్తుంది. సున్నా ఇదివరకటిలా ఊఁ అని ఊరుకోకుండా, చేతిలో కలం పక్కన పెట్టి, మాట పూర్తిగా విని జవాబు చెబుతుంది. అది ఆమెకి చాలా కష్టమైన పని.

ఒకరోజు రాళ్ళు చెక్కే ఒకాయన వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చాడు. సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కడం ఆయన వృత్తి. ఒకావిడ తన భర్త రాయి మీద ఈ అక్షరాలే కావాలని పట్టుబట్టిందట. చెక్కబోతే సన్న గీతల దగ్గర రాయి పెచ్చులూడిపోతోందట. "కాగితానికి వయ్యారం తగుతుందమ్మా. రాయి తట్టుకోలేదు" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ ఆయన పని చేసే చోటికి వెళ్ళారు. తెల్లటి దుమ్ములో సగం చెక్కిన రాళ్ళు వరసగా ఆనించి ఉన్నాయి. పెచ్చులూడిన రాయి మీద వదిన వేలు పెట్టి ఒక్కో గీతా తడిమింది. ఎక్కడ పలచబడితే విరుగుతోందో, ఎక్కడ ఆగుతోందో సున్నా కాగితం మీద గుర్తు పెట్టుకుంది.

"గీత ఇంత లావు చేస్తే ఆగుతుందా?" అని గీసి చూపించింది.

"ఆగుతుంది" అన్నాడు ఆయన.

"లావైతే మరి పక్కవాటికి చోటు చాలదు. మొత్తం మళ్ళీ సర్దుకోవాలి" అంది వదిన.

"ఎన్నాళ్ళు పడుతుంది వదినా?"

"నువ్వు ముందు గియ్యి. తర్వాత చెబుతాను."

సున్నా ఒక పాత రాయి మీద కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకుంది. వదిన పక్కనే నిలబడి, ఎండ పడకుండా చీర చెంగు అడ్డం పట్టింది.